కడిగిన కప్పులు

"సువార్తను నోటితో కాదు, నడతతో చెప్పండి" అన్నారు చర్చిలో ఫాదర్‌గారు.

అది విన్న ఒక గుమాస్తా మర్నాడే మొదలుపెట్టాడు. సాయంత్రం అందరూ వెళ్లాక ఆఫీసులోని ఎంగిలి టీకప్పులన్నీ కడిగి బోర్లించేవాడు. ఎవరు కడిగారని ఎవరైనా అడిగితే, "నేనే, క్రీస్తు పేరిట" అని వినయంగా చెప్పాలని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు.

నెలైనా ఎవరూ అడగలేదు. వీళ్లకసలు కళ్లున్నాయా అని లోలోపల కుతకుతలాడిపోయాడు.

ఆదివారం పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ, చేతులు జోడించి పక్కకు తిరిగాడు. ఆఫీసులో కప్పులు కడిగే ఆవిడ నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున నేను వెళ్లేసరికే కప్పులు కడిగి ఉంటున్నాయని నన్ను పనిలోంచి తీసేశారన్నయ్యా. ఎవరా పుణ్యాత్ముడు?"

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు.

"శాంతి కలుగుగాక, చెల్లెమ్మా" అని గుమాస్తా అటుపక్కకు తిరిగాడు.