వెన్నలాంటి దారి

"ఆ ముసలాయన అడ్డు తొలిగేదాకా షూటింగ్ లేదు," అంటూ కెమెరా దించేశాడు కాలమ్.

ఆస్ట్రేలియా నడిమధ్యన ఎర్రమట్టి దారి. కనుచూపు మేరలో వాళ్ళ కొత్త బండి, దాని ముందు ఒక పాత తెల్ల పికప్. అంతే.

పికప్ నడక వేగంతో పోతోంది. వెనక దుమ్ము మాత్రం గోడలా లేస్తోంది.

రోవీనాకి చిరాకెత్తింది. కొత్తగా వచ్చే బండ్లని నడిపి చూసి మంచీ చెడ్డా చెప్పడం ఆమె పని. ఆమె ఊ అంటే కొనేవాళ్ళూ, ఊహూ అంటే మానేసేవాళ్ళూ చాలామందే ఉన్నారు.

రోజూ పిల్లల్ని బడికి దింపేవాళ్ళకీ, సెలవొస్తే ఎడారుల వెంట పడేవాళ్ళకీ ఈ ఒక్క బండీ చాలని కంపెనీ చెప్పుకుంటోంది. ఆ సంగతేదో తేల్చడానికే ఇంత దూరం వచ్చింది.

హారన్ కొట్టింది. పికప్ వేగం పెరగలేదు.

దుమ్ములోంచే బండిని దాని పక్కకి పోనిచ్చి, అద్దం దించింది.

"ఏం పెద్దాయనా, బండి నడుపుతున్నారా, నిద్రపోతున్నారా?"

ఎండకి కమిలిన మొహం నవ్వింది. "రెండోది ఇంటికెళ్ళాకమ్మాయ్. ఇక్కడ తొందరపడితే నాకు కుదరదు."

"మేం వీడియో తీసుకుంటున్నాం. మీ దుమ్ముకి ఏమీ కనబడి చావడం లేదు, ముందుకెళ్ళినా వెనక అదే పడుతుంది. కాసేపు ఆగరూ?"

"ఎంతసేపేంటి?"

"ఓ గంట."

ఆయన ఎండకేసి ఒకసారి చూశాడు. "సర్లే, కానివ్వండి. టీ ఉంది, తాగుతారా?"

"వద్దొద్దు. ఆగితే అదే పదివేలు."

ఆయన ఇంజను ఆపేశాడు. చుట్టుపక్కల నీడన్నది లేదు.

రోవీనా బండిని వచ్చిన దారినే వెనక్కి తిప్పింది. దుమ్ము అణిగాక ఆ దారి మీదే అటూ ఇటూ నడుపుతూ మాట్లాడసాగింది.

"ఈ దారి పేరెత్తితే డ్రైవర్లు దండం పెడతారు. రేకు మడతల్లాంటి గతుకులు మరి! ఇప్పుడు నా చేతిలో కాఫీ చూడండి. చుక్క తొణికిందా? వెన్న మీద పోతున్నట్టుంది. ఈ స్ప్రింగులు చేసినవాడి చేతులకి మొక్కాలి!"

"దారే బాగుందేమో చూడు," అన్నాడు వెనక సీట్లోంచి కాలమ్.

"ఈ దారి బాగుండడమా! నువ్వు కెమెరా చూసుకో నాయనా."

చివర్లో దూరంగా ఆగి ఉన్న పికప్‌ని చూపించి ఒక చురక కూడా అంటించింది.

"ఈ బండికి ఒకటే లోపం. ముందు పోయే తాబేలు తాతల మీదినుంచి ఎగరలేదు!"

ఆ మాటకి జనం పడీపడీ నవ్వారు. బండ్లూ బాగా అమ్ముడుపోయాయి.

ఏడాది తిరిగేసరికి వీడియో కింద తిట్లు మొదలయ్యాయి.

"నీ మాట నమ్మి కొన్నాను. అదే దారిలో మా అమ్మని తీసుకెళ్తే నడుం పట్టేసింది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది."

"ఆ వెన్నేదో కంపెనీవాళ్ళు నీకే పూసినట్టున్నారు."

రోవీనాకి నిద్ర పట్టలేదు. ఏ కంపెనీకీ తను మాట అమ్ముకోలేదు. చూసిందే చెప్పింది.

అదే బండి తీసుకుని, కాలమ్‌ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది.

దారిలోకి దిగిన కాసేపటికే పళ్ళు కటకటలాడాయి. కాఫీ ఒళ్ళో పడింది. కాలమ్ కెమెరాని బిడ్డలా గుండెకి హత్తుకుని కూర్చున్నాడు.

దారి పక్క హోటల్ దగ్గర ఆగితే, అది నడిపే మార్లీన్ ఆమెని చూడగానే గుర్తుపట్టింది.

"వీడియో అమ్మాయివి కదూ! డెస్మండ్ ఉంటే ఎంత సంబరపడేవాడో. మొన్న చలికాలంలో పోయాడు పాపం."

"ఏ డెస్మండ్?"

"నువ్వు తాబేలు తాత అన్నావే, ఆయనే."

"ఆయన... విన్నారా అది?"

"విన్నాడా! ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని విన్నాడు. పగలబడి నవ్వాడు. వెన్న మీద పోతున్నట్టుంది అన్నావు చూడు, ఆ ముక్క మాత్రం వచ్చినవాళ్ళందరికీ పెట్టి చూపించేవాడు. 'అమ్మాయి నా దారిని మెచ్చుకుంది మార్లీన్' అంటూ."

"ఆయన దారేంటి?"

మార్లీన్ గుడ్డతో బల్ల తుడవడం ఆపింది.

"వాళ్ళావిడ బెట్టీకి తుంటి విరిగితే ఈ దారినే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ప్రతి గతుకుకీ ఆవిడ పెట్టిన కేకలు చచ్చేదాకా ఆయన చెవుల్లోంచి పోలేదు."

రోవీనా కిటికీలోంచి దారికేసి చూసింది.

"ఆవిడ పోయాక, ఇంకెవరూ అలా అరవకూడదని, వారంవారం పాతకాలం రైలు పట్టా ఒకటి గొలుసుతో పికప్ వెనక కట్టి, ఈ దారంతా నెమ్మదిగా ఈడ్చి చదును చేసేవాడు."