అక్తరీ బేగం కాశ్మీరు

"అది మంచు కాదు, వడగండ్లు," అని అక్తరీ బేగం తేల్చేసింది. "మంచంటే ఎట్లుంటాదో కాశ్మీరులో నా కండ్లతో చూసొచ్చినా గదా."

ఈ మాట ఆమె పొరుగింటి సర్వరీ బేగం గుమ్మంలో నిలబడి అంది. సర్వరీ మొగుడు ఇనాయత్ రోడ్డు కంపెనీలో డ్రైవరు. ఆ సాయంత్రం కొండ మీది సైట్‌కి డీజిల్ చేర్చి వచ్చి, హరీం కొండ నెత్తిన మంచు పడిందని, రేపు శుక్రవారం సెలవు గనక తీసుకెళ్లి చూపిస్తానని పెళ్లానికి చెప్పాడు. దిబ్బా అనే ఆ అరబ్బుల ఊళ్లో కంపెనీ క్వార్టర్ల గోడలు రేకులవి. ఒక ఇంట్లో ఉల్లిపాయ తరిగితే పక్కింట్లో కళ్లు మండుతాయి. ఇక మాట దాగుతుందా?

అక్తరీ ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద ఒక ఫోటో కనపడుతుంది. వెనక తెల్లటి కొండలు, కొండల కింద చెరువు, చెరువులో పడవ, ముందు పెళ్లయిన కొత్తలో అక్తరీ, ఆమె భర్త స్టోర్‌కీపర్ నసీరుద్దీన్, కింది మూలన ఫోటో స్టూడియో ముద్ర. చాయ్‌కి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు కాశ్మీరు చూడాలి, తర్వాతే చాయ్. ఇనాయత్ కూడా పెళ్లినాడు సర్వరీకి కాశ్మీరు చూపిస్తానన్నవాడే. నాలుగేళ్లయింది, చూపించలేదు. అక్తరీ పుణ్యమా అని క్వార్టర్లలో అతనికి 'కాశ్మీర్ ఇనాయత్' అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు వినపడినప్పుడల్లా సర్వరీకి ఒళ్లు మండేది.

"అయితే నువ్వే వచ్చి చూడు ఆపా," అంది సర్వరీ. "మంచో కాదో నీ నోటితోనే చెప్పు. ఆయన మాట నిజమైతే ఇంక ఆ పేరు పెట్టి పిలవాకు."

అక్తరీ సరేనంది. నసీరుద్దీన్ మాత్రం తనకు కడుపులో బాగాలేదని తప్పుకోబోయాడు. అక్తరీ వినలేదు. తెల్లారి నమాజు కాగానే నలుగురూ ఇంజనీరు గారి ల్యాండ్‌రోవర్‌లో బయల్దేరారు. ఇనాయత్ బండితో పాటు ఆయన కెమెరా కూడా అడిగి తెచ్చుకున్నాడు.

దారంతా గులకరాళ్లు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా సర్వరీ కళ్లు మూసుకుని దువా చదువుకుంది. ఆ భయమంతా లోయల గురించి కాదు. పైన మంచు కరిగిపోయి ఉంటే తన మొగుడి ముఖం ఎట్లా చూడాలా అని.

కరగలేదు. శిఖరం దగ్గర చివరి మలుపు తిరగ్గానే కొండంతా తెల్లగా ఉంది. సర్వరీ బండి ఆగీ ఆగకముందే దూకి రెండు చేతులా మంచు తీసుకుంది. వేళ్లు కొరికేసినంత చలి. నవ్వుతూనే ఏడ్చేసింది. నాలుగేళ్లలో ఆమె అంత సంతోషపడింది లేదు.

అక్తరీ బండి దిగలేదు. శాలువా బిగించి కప్పుకుని, కిటికీలోంచి చూస్తూ పెదవి విరిచింది.

"మంచే లే. అయినా ఇంతేనా? కాశ్మీరులో మోకాళ్ల లోతుంటాది. ఒట్టి మంచుంటే కాశ్మీరు అయిపోతాదా? చెరువు యాడ? పడవ యాడ?"

సర్వరీ ప్రాణం ఉసూరుమంది. ఈ రాళ్ల కొండల్లో తాగడానికే నీళ్లు ట్యాంకరులో వస్తాయి, చెరువు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇనాయత్ మాత్రం తొణకలేదు. బండెక్కండి అని ఒక్క మాట చెప్పి, కొండకు అవతలి పక్కకు పోనిచ్చాడు.

రెండు గంటలు దిగారు. మళ్లీ ఒక గుట్ట ఎక్కారు. గుట్ట మీద ఇనాయత్ బండి ఆపి, కిందికి చూడమన్నాడు.

కింద సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చి పడుకుని ఉంది. అక్కడివాళ్లు దాన్ని ఖోర్ అంటారు. చుట్టూ కొండలు నిలువుగా నీళ్లలోకి దిగాయి. ఒక్క అల లేదు. నీలం నీళ్ల నడుమ జాలరి పడవ ఒకటి కదలకుండా ఉంది.

ఒడ్డుకు చేరగానే ఈసారి అక్తరీయే ముందు దిగింది. శాలువా భుజం మీంచి జారిపోయినా చూసుకోలేదు. చెప్పులు విడిచి నీళ్లలో నిలబడి ఆ పడవనే చూసింది. తర్వాత ఇనాయత్ వైపు తిరిగింది.

"ఇనాయత్ భాయ్, నువ్వు మాట నిలబెట్టుకున్నావు. ఇంక ఆ పేరు నా నోట్లో నుంచి రాదు."

సర్వరీకి భూమ్మీద కాళ్లు ఆనలేదు. మొగుడి వైపు చూసి, చూసినావా అన్నట్టు తలెగరేసింది. ఇక ఫోటో తీయాల్సిందేనని పట్టుబట్టింది. ఒడ్డున నిటారుగా లేచిన కొండ ముందు నిలబడి దుపట్టా సర్దుకుంది.

అక్తరీ మనసులో పంతమంతా అప్పటికే కరిగిపోయింది. సొంత అక్కలా దగ్గరికొచ్చి, గడ్డం పైకెత్తమని, చేతులు ముందు కట్టుకోమని సర్వరీకి ఒక్కొక్కటీ చెప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక పక్కకు తప్పుకుంది. ఇనాయత్ కెమెరా కంటికి ఆనించాడు. ఇంతలో సముద్రం మీంచి గాలి విసిరికొట్టింది. సర్వరీ తూలి ఒక అడుగు వెనక్కి వేసింది.

అక్తరీ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"వెనక్కి ఆనుకోవాకు సర్వరీ, కొండకు ముడతలు పడతాయి."