విప్పి చూడని మట్టిముద్ద

బావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. ఆ చెట్టు మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గూట్లోనైనా ఎవరైనా గడ్డిపోచ విప్పి చూడొచ్చు. అల్లిక బాగుంటే నేర్చుకోవచ్చు, వదులుగా ఉంటే బిగించొచ్చు.

గాలికి గూడు ఊగకుండా లోపల తడిమట్టి మెత్తడం గిజిగాళ్ళకు పెద్ద చాకిరీ. ఒకరోజు ఓ కందిరీగ వచ్చింది. "ఆ మట్టిపని నేను చేసిపెడతాను. నేను పెట్టిన ముద్దను మాత్రం ఎవరూ పగలగొట్టి చూడకూడదు," అంది.

"గూడు ఊగకపోతే చాలు. లోపల ఏముంటే మనకేం?" అన్నాడు కుర్ర గిజిగాడు.

"దాన్ని రావద్దనడం లేదురా. మనలాగే అందరికీ చూపించి కట్టమంటున్నాను," అన్నాడు ముసలి గిజిగాడు.

ఆయన మాట ఎవరూ వినలేదు. ముద్దలు పెట్టించుకున్నారు. గూళ్ళు నిజంగానే ఊగలేదు. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. అందరూ ముసలాయన్ని చూసి నవ్వారు.

ఒక పొద్దున కుర్రవాడి గూట్లో మట్టిముద్ద లోపలినుంచి టిక్కుమని పగిలింది. వాడు నోరు తెరుచుకుని చూస్తుండగానే అందులోంచి కందిరీగ పిల్ల ఒకటి రెక్కలు దులుపుకుంటూ బయటికొచ్చింది. దాని వెనకే ఇంకొకటి. ఆ వెనకే మరొకటి.

"ఎవరు... ఎవరు మీరు?" వాడు పిల్లలకు అడ్డంగా రెక్కలు చాచాడు.

మొదటిది వాడినీ, వాడి పిల్లల్నీ ఎగాదిగా చూసింది.

"ఇది మేం పుట్టిన ఇల్లు. మీరెవరు?"

"తాతా!" అని కేక పెట్టబోయి వాడు బిగుసుకుపోయాడు. పక్క గూట్లో టిక్కుమంది. ఆ పక్క గూట్లోనూ.