నందీశ్ నగరానికి నీళ్ళు

నందీశ్ కంప్యూటర్ ఆటలో కట్టిన నగరంలో ప్రతి వీధికీ నీళ్ళు పారేవి. నీళ్ళ కరువున్న చింతామణి ఊళ్ళో, బ్రౌజింగ్ సెంటర్లో జనం ఆ తెర చుట్టూ మూగేవారు. "ఇంత నీళ్ళుండాయి, ఈ ఊరికే పోదాం పదప్పా!" అనేవారు. పక్క సీట్లో అమరేష్ కట్టిన నగరం వైపు ఒక్కరూ చూసేవారు కాదు. అతనికి కడుపు మండేది.

సెంటర్ మూసే పని అమరేష్‌దే. ఆ రాత్రి షట్టర్ సగం దించి, నందీశ్ ఆట తెరిచాడు. కాలువలన్నీ పూడ్చి, వాటి మీద ఫ్యాక్టరీలు కట్టి, సేవ్ చేశాడు.

కంప్యూటర్ ఆపగానే గది నిశ్శబ్దమైంది. బయట ఎవరో ఖాళీ ప్లాస్టిక్ బిందె నేల మీద పెట్టిన చప్పుడు. కాసేపటికి ఇంకొకటి.

షట్టర్ కింద నుంచి వంగి చూశాడు. కొళాయే లేని ఆ వీధిలో, సెంటర్ గడప నుంచి మలుపుదాకా, వంతు కోసం పెట్టినట్టు బిందెల వరుస. మనిషి జాడ లేదు.

చెవి పక్కనే ఒక ముసలి గొంతు అడిగింది.

"నీళ్ళు ఎప్పుడు ఇడుస్తావప్పా?"