వంతెన వైపు కూత

జార్జియాలోని ఆ చిన్న రైలు ఊళ్లో స్టేషన్ నూరేళ్ల పండగ ముగిసింది. పట్టాలు ఏనాడో పీకేశారు. స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. లొరీన్, ఆమె ఆడపడుచు ఎఫీ పాడుకుంటూ బల్లలు తుడుస్తున్నారు.

అంతలో వంతెన వైపు నుంచి రైలు కూత వినిపించింది. కౌజుపిట్ట పిలిచినట్టు, చివర్లో చిన్న విరుపు.

రైళ్లు నడిచిన రోజుల్లో ఆ ఊళ్లో ఏ డ్రైవరు కూత ఆ డ్రైవరుదే. అది చెవిన పడగానే పెళ్లాం మొక్కజొన్న రొట్టె పొయ్యిలో పెట్టేది. ఈ విరుపు, ఎప్పుడో కన్నుమూసిన లొరీన్ మొగుడు హోరస్‌ది.

"ఎవరో ఆకతాయిలు, వదినా," అంది ఎఫీ.

హోరస్ ఇంజన్ కూతగొట్టం ఎదురుగా అద్దాల పెట్టెలోనే ఉంది. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది.

"నాకు ఒళ్లు జలదరిస్తోంది. ఇంటికి పోదాం," అంది ఎఫీ.

"పద పద, పొయ్యి వెలిగించాలి!" అంటూ లొరీన్ పడుచుపిల్లలా పరుగుతీసింది.

రొట్టె కమ్మటి వాసన వచ్చే వేళకి వాకిట్లో కంకర నలిగింది. ఒక్కరి బూట్లు కావవి, చాలామందివి. ఎఫీ బల్ల కింద దూరింది.

లొరీన్ పకపకా నవ్వింది.

"చెప్పాపెట్టకుండా రైలుబండివాళ్లందర్నీ వెంటేసుకొచ్చాడే మీ అన్న, ఎప్పట్లాగే! లే, ఇంకో మూకుడెక్కించు."