పన్నెండో బొమ్మ

"పన్నెండో బొమ్మ నొప్పి ఉన్న మనిషిది," అంది డాక్టరమ్మ.

"కాదు తల్లీ. జాబితాలో నొప్పి లేదని ఉంది," అన్నాడు బాబాయి.

ఇద్దరూ స్కానింగ్ గదిలో తెర ముందు ఉన్నారు. బాబాయి ఆ మిషను నడిపే మనిషి. వార్డు ఆయా నుంచి పెద్ద డాక్టరు దాకా ఆసుపత్రిలో అందరికీ ఆయన బాబాయే. కొత్త వైద్యానికి అనుమతి ఇవ్వడానికి వచ్చిన వైద్య సంఘం పెద్దమనిషి కుర్చీలో ముందుకు జరిగి కలం మూత తీశాడు.

మొహం నరం నొప్పి పడుతున్నవాళ్ళకి మెదడు బొమ్మను చూసి వైద్యం చెయ్యడం డాక్టరమ్మ కనిపెట్టిన పద్ధతి. పన్నెండు మంది చెంపలకు దూది తాకించి, ఆ క్షణంలో బాబాయి, ఆయన సహాయకుడు మెదడు బొమ్మలు తీశారు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరికి నొప్పి ఉందో, ఎవరు హాయిగా ఉన్నారో ఆమె చూసి చెప్పాలి. బాబాయి జాబితాతో సరిపోల్చాలి. ఒక్కటి తప్పినా అనుమతి రాదు. పదకొండు సరిగ్గా చెప్పింది.

అద్దాల తలుపు అవతల బల్ల మీద ఒక పంతులమ్మ కూర్చుని ఉంది. నోరు తెరిస్తే నొప్పి. పాఠం చెప్పి అయిదు నెలలైంది. అనుమతి వస్తే మొదటి వైద్యం ఆమెకే.

తప్పు తప్పేననీ, వచ్చే ఏడాది మళ్ళీ చూద్దామనీ పెద్దమనిషి అన్నాడు. తప్పు తన దగ్గర లేదనీ, జాబితాలోనే ఉందనీ డాక్టరమ్మ అంది. బాబాయికి చురుక్కుమంది. ఇరవై రెండేళ్ళలో తన జాబితాలో ఒక్క అంకె తారుమారు కాలేదన్నాడు. కళ్ళు అలిసిపోయి ఉంటాయి, కాస్త టీ తాగి మళ్ళీ చూడమని నవ్వించబోయాడు.

ఆమె నవ్వలేదు. తెర మీద వేలు పెట్టింది.

"దూది తాకగానే ఇక్కడ ఎలా భగ్గుమందో చూడండి. ఎడమ చెంప. ఈ మనిషికి మొహం కడుక్కోవాలంటే వణుకు. ఫ్యాను గాలి తగిలినా కరెంటు కొట్టినట్టుంటుంది. ఇంట్లో కూడా చెప్పకుండా దాస్తున్నారు."

"జాతకం చెబుతున్నట్టుందే," అన్నాడు పెద్దమనిషి.

"పిలిపించండి. మీ ముందే అడుగుతాను."

ఆ ధీమా చూసి ఆయన కాస్త మెత్తబడ్డాడు. సరే, పన్నెండో మనిషిని రప్పించమన్నాడు. ఆ మనిషి కూడా నొప్పి లేదంటే మాత్రం ఇక తనను అడగొద్దన్నాడు.

ఫోన్ నంబరు తీయమని డాక్టరమ్మ బాబాయి వైపు తిరిగింది. బాబాయి కదల్లేదు. తలుపు అవతల పంతులమ్మ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకుని, తాగలేక దించేసింది. ఆయన అటే చూస్తూ జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పిలిచే పని లేదు తల్లీ," అన్నాడు నెమ్మదిగా. "తెలిస్తే మిషను దగ్గర్నుంచి తప్పిస్తారని నొప్పి లేదని రాశాను. ఆ రోజు పన్నెండో మనిషి రాకపోతే, ఆ చోట పడుకున్నది నేనే."