కొసరి పోసిన ఇరవై మిల్లీలీటర్లు

గాజు పాత్రలో గులాబీ రంగు నీళ్లు మెల్లగా సుడి తిరుగుతున్నాయి.

అందులో కంటికి కనపడని కణాలు కోట్లు ఉన్నాయి. ఎప్పుడో ఓ చిట్టెలుక నుంచి తీసినవాటి సంతానం. పోసింది తిని, క్యాన్సర్ మందుకు కావలసిన ప్రొటీన్ తయారు చేస్తాయి.

కర్నూలు పక్కన మందుల కంపెనీలో వాటికి మేత పోయడం నఫీసా పని. ఈ ట్రయల్ గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

రోజూ డ్యూటీకి బయల్దేరేటప్పుడు తల్లి బీబమ్మ అడుగుతుంది.

"నీ కణాలు బాగుండాయా? కడుపునిండా పెడ్తాండావా?"

బీబమ్మ ఇంట్లో ఒక్క రొట్టెతో లేచినవాళ్లు ఇంతవరకూ లేరు. చాలన్నా ఇంకొకటి పడాల్సిందే.

ఆరో రోజు నఫీసాకూ అదే బుద్ధి పుట్టింది. అరవై మిల్లీలీటర్లు పొయ్యాలి. పాపం శ్రమపడుతున్నాయని ఇంకో ఇరవై పోసింది. రికార్డులో మాత్రం అరవై అనే రాసింది.

మర్నాటికి నూటికి తొంభై ఆరు బతికున్న చోట ఎనభై నాలుగే మిగిలాయి. తిన్నది ఎక్కువై, నీళ్లలో ఆమ్లం పేరుకుపోయింది.

నఫీసాకు ఏడుపొచ్చింది. పోసేటప్పుడు ఎవరూ చూడలేదు.

అయినా వెళ్లి ల్యాబ్ పెద్ద స్వర్ణలత ముందు నిలబడింది.

"మేడమ్, నిన్న నేను ఇరవై ఎక్కువ పోసినా."

"ఎందుకు?"

"ఆకలైతాదేమో అని."

స్వర్ణలత కళ్లద్దాలు తీసి ఆమెను చూసింది.

"చుట్టాలనుకున్యావా వాటిని? ముందు రికార్డు దిద్దు. వేడి ముప్పై ఏడు డిగ్రీల నుంచి ముప్పై మూడుకు దించు. నేను చెప్పేదాకా ఏమీ పెట్టొద్దు. కొంచెం సల్లగా పడుండనీ."

మూడు రోజులు నఫీసా ఆ పాత్ర చుట్టూనే తిరిగింది. ఏమీ పెట్టకుండా ఊరికే నిలబడటం ఇంత కష్టమని ఆమెకు అప్పటిదాకా తెలీదు.

నాలుగో రోజు లెక్క చూశారు. ఎనభై నాలుగు అట్లాగే ఉంది. చల్లదనానికి కణాలు పెరగడం మాని ప్రొటీన్ మీదే పడ్డాయి; అది అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది.

"నువ్వు చెప్పకపోయింటే అన్నీ సచ్చిపోయిండేవి" అంటూ స్వర్ణలత ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టింది.

సాయంత్రం బీబమ్మ పెనం మీది జొన్నరొట్టె తీసి, కూతురి కంచం దగ్గరికి తెచ్చింది. అది మూడోది.

"అవి తిన్యాయా?"

"మూడు దినాల నుంచి ఏం పెట్టలేదు మా. అందుకే బతికినాయి."

బీబమ్మ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. కూతురి మొహంలోకి కాసేపు చూసింది. ఆ మొహం నవ్వుతోంది.

రొట్టెను రెండుగా తుంచి, సగం వేసింది.